ఒరేయ్ మామా, ఆ చైనావోడి పుస్తకం అయిపోయింది

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో నీ గోల మొదలెడతావ్, అందుకే ఉత్తరం రాస్తున్నా, ఓపిగ్గా చదువు. రెడ్ రూలెట్ అని ఒక పుస్తకం మొదలెట్టానన్నా కదా, డెస్మండ్ షమ్ తన కథ తనే రాసుకున్నది, 2021లో వచ్చింది, రెండు రాత్రుల్లో లాగించేశా, లైట్ ఆర్పమని మా ఆవిడ ఒకటే పోరు.

ఈయన షాంఘైలో పుట్టి, హాంకాంగ్‌లో పెరిగి, అమెరికాలో చదువుకుని బీజింగ్‌లో వ్యాపారం చేసి కోట్లు గడించాడు. కానీ నన్నడిగితే అసలు చక్రం తిప్పింది ఆయన భార్య. డువాన్ వెయ్‌హోంగ్, అందరూ విట్నీ అంటారు. ఆవిడ పట్టు ఎక్కడో తెలుసా, అప్పటి ప్రధాని వెన్ జియాబావో భార్య జాంగ్ బెయ్‌లీ దగ్గర, ఆంటీ ఆంటీ అంటూ ఇంట్లో మనిషి అయిపోయింది. గ్వాన్‌షీ అంటారు వాళ్ళు దీన్ని. మన దగ్గర పలుకుబడి అంటే ఎమ్మెల్యే పీఏ చేత ఒక ఫోన్ కొట్టించడం, అంతే కదా, అక్కడ అదే ఫుల్‌టైం పని, ఎవరితో భోంచెయ్యాలి, ఎవరికి ఏం ఇవ్వాలి, ఎవరి కొడుక్కి ఏం కావాలి అని ఏళ్ళ తరబడి.

నువ్వు మాత్రం ముందు ఎయిర్‌పోర్ట్ కథ చదవరా. ఈ మొగుడూ పెళ్ళాం బీజింగ్ ఎయిర్‌పోర్ట్ పక్కన కార్గో కోసం పెద్ద పెద్ద గోడౌన్లు కట్టాలి. దానికి కాగితాల మీద 150 దాకా సర్కారీ ముద్రలు కావాలంట, అవి వేయించుకోడానికే మూడేళ్ళు! కస్టమ్స్ వాళ్ళకి ఆఫీసు కట్టిస్తామంటే టెన్నిస్ కోర్టు కావాలి, పాటలు పాడుకోడానికి కారవోకే కావాలి అని లిస్టు ఇచ్చారు. వీళ్ళ స్టాఫ్‌లో ఒకతని డ్యూటీ ఏంటంటే ఆఫీసర్లని ఆవిరి స్నానాలకి తీసుకెళ్ళడం, వాళ్ళతో పాటు తనూ కూర్చుని కూర్చుని పాపం ఒంటి మీద చర్మం ఊడొచ్చిందంట. పడీ పడీ నవ్వాను. తర్వాత ఎయిర్‌పోర్ట్ గ్రూప్ బాస్ లీ పెయ్‌యింగ్‌ని పట్టుకెళ్ళిపోయారు, ఇక వీళ్ళ కాగితాల మీద సంతకం పెట్టే నాథుడే లేడు. అవినీతి కేసులో 2009 ఆగస్టులో అతనికి మరణశిక్ష అమలు చేసేశారు. అక్కడికి నా నవ్వు ఆగిపోయింది.

2012 అక్టోబర్‌లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు వెన్ కుటుంబం చేతిలో 270 కోట్ల డాలర్ల ఆస్తులున్నాయని రాశారు గుర్తుందా? టీచర్‌గా చేసిన ఆయన తల్లి, 90 ఏళ్ళావిడ, ఆవిడ పేరు మీదే ఒకప్పుడు 12 కోట్ల డాలర్ల షేర్లు. పింగ్ ఆన్ ఇన్సూరెన్స్‌వి. కుటుంబం అంతా అబద్ధం అంది, ఆ పేపర్ వెబ్‌సైట్‌ని చైనాలో ఆపేశారు. మరి షేర్ల సంగతేంటి అంటే విట్నీ ముందుకొచ్చి అవి నావే, నేనే వాళ్ళ పేర్ల మీద పెట్టా అని నెత్తిన వేసుకుంది. ఎవరి డబ్బు, ఎవరి పరువు, ఎవరి నెత్తి చూడు!

2017 సెప్టెంబర్‌లో ఆవిడ బీజింగ్‌లో మాయమైపోయింది. అప్పటికే విడాకులయ్యాయి, డెస్మండ్ కొడుకుతో ఇంగ్లండ్‌లో ఉన్నాడు. నాలుగేళ్ళు ఆవిడ జాడ లేదు, కేసు లేదు, కోర్టు లేదు. సరిగ్గా పుస్తకం బయటికి రాబోతుండగా ఫోన్ చేసింది, రిలీజ్ ఆపెయ్ అని. ఆవిడ చేసిందో పక్కన నిలబడి చేయించారో. ఆయన ఆపలేదు.

ఇక్కడే నాకు తెగట్లేదురా. తిన్నన్నాళ్ళు తిని, ఒడ్డెక్కాక ఆ వంట బాలేదు అంటున్నాడనిపిస్తది. పైగా లంచం అనే మాట దగ్గర మనిషి కాస్త మెలికలు తిరుగుతాడు, బహుమతి అంటాడు, మర్యాద అంటాడు. కానీ రాయకపోతే ఆవిడ మాయమైన సంగతి నీకూ నాకూ తెలిసేదా? పోనీ ఆవిడ పరిస్థితిలో నేనుంటే నువ్వు రాసేవాడివా, ఆపేవాడివా? తిన్నగా చెప్పు, డొంకతిరుగుడు వద్దు.

మన షెడ్డు ఫైలు ఇంకా మూడో టేబుల్ మీదే ఉంది, 150 ముద్రలు చదివాక కోపం తగ్గిందిలే. పుస్తకం కొరియర్‌లో పడేస్తున్నా, ఎయిర్‌పోర్ట్ పేజీల మీద టీ మరక నాదే, తిట్టుకోకు. ఆదివారం ఫోన్ చెయ్.

నీ
మామ