కాస్ట్రో వీధికి కారులో వెళ్లేవారికి

సభ్యులందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూకు కొత్తగా వచ్చినవారు, హోటళ్లు ఎక్కువగా ఉండే ఊరి ముఖ్య వీధి కాస్ట్రోలోకి కారు వెళ్లే దారి తెలియడం లేదని తరచూ అడుగుతున్నందున ఇది రాస్తున్నాను. హోటళ్లు ఆరుబయట బల్లలు వేసుకునేందుకు వీలుగా 2020లో, కోవిడ్ కాలంలో, రైలు స్టేషన్ వైపు భాగంలో వాహనాలను ఆపివేశారు. ఆ తాత్కాలిక ఏర్పాటునే 2022లో నగర కౌన్సిల్ శాశ్వతం చేసింది. కనుక కారును పక్క వీధుల్లో నిలిపి నడవవలసిందే. పిల్లల చేయి వదిలి నడవగలగడం మా కుటుంబానికి పెద్ద ఊరట. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లినప్పుడు మాత్రం ఆ నడక కష్టమే. ఆదివారం ఉదయం స్టేషన్ పార్కింగు స్థలంలో రైతుల సంత జరుగుతుంది కాబట్టి అక్కడ చోటు ఆశించవద్దు. 2024 సెప్టెంబరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసేల మధ్య నడిచే కాల్‌ట్రెయిన్ విద్యుత్ రైళ్లు శని, ఆదివారాల్లోనూ అరగంటకొకటి వస్తున్నందున, శాన్ హోసే వైపు వారికి రైలే సులువు.