కడిగే ఫిల్టర్ కథ

సంపాదకులకు,
పిడుగురాళ్లలో పదకొండేళ్లుగా డీజిల్ కారు కిరాయికి తిప్పుతున్నాను. సున్నపు బట్టీల ఊరు కదా, ఇంజిన్‌లోకి పోయే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే పిండి జల్లినట్టు తెల్లగా ఉంటుంది. ఏటా మూడు పేపరు ఫిల్టర్లు దండగనిపించి, కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్ కొన్నాను. ‘ఇక జన్మలో కొననక్కర్లేదు’ అన్నాడు కొట్టతను. కడగడం సంగతి మాత్రం చెప్పలేదు. దాన్ని కడిగే మందులో నానబెట్టి, లోపలి వైపు నుంచి నీళ్లు పోసి, నీడన పూర్తిగా ఆరబెట్టి, ప్రతి మడతకూ నూనె పట్టించాలి. ఆరేదాకా బండి కదలదు, ఆ రోజు కిరాయి పోయినట్టే. ఒకసారి నూనె ఎక్కువై, గాలిని కొలిచే సెన్సర్‌కు అంటుకుంది. మాచర్ల రోడ్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి బండి లాగనంది. వెనక సీట్లో పెళ్లివాళ్లు. నా టెన్షన్ చెప్పనలవి కాదు. మెకానిక్ సెన్సర్ శుభ్రం చేసి, మళ్లీ పేపరు ఫిల్టరే బిగించాడు.

పేపరు దానికీ దుమ్ము పోవాలని పంక్చర్ షాపులో గట్టిగా గాలి కొట్టించేవాళ్లున్నారు. కాగితానికి చిల్లులు పడతాయి, వెనక టార్చి పెట్టి చూసుకోండి. వాడేసినవి చెత్తకుప్పలో చేరుతున్న మాటా నిజమే. కడిగేవి అమ్మేవాళ్లు పెట్టెలో ఎలా కడగాలో చెప్పే తెలుగు కాగితం ఒకటి పెడితే నాలాంటివాళ్లు మళ్లీ కొంటారేమో.

– ఒక కారు డ్రైవరు, పిడుగురాళ్ల