శీనుకి: లెక్కల సూత్రాలు మాట్లాడుతున్నాయి రా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోన్ చేయలేదని కోపం పెట్టుకోకు. రెండు నెలలుగా మా పిల్లల నోట్సు వెబ్ పేజీల్లో పెట్టే పనిలో మునిగిపోయాను.

మొదట్లోనే దెబ్బ తిన్నాను. కాంతి వేగం 3×10⁸ అని ఒకచోట టైపు చేసి, కాపీ చేసి పేజీలో అతికించాను. పైనున్న 8 కిందికి దిగి 3×108 అయిపోయింది. నేను చూసుకోలేదు. ఒకమ్మాయి పరీక్షలో అలాగే రాసి, "నోట్సులో అలాగే ఉంది సార్" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు రా.

దాంతో సూత్రాలన్నీ బొమ్మలుగా పెట్టేశాను. అప్పుడు చూపు లేని కుర్రాడొకడు వచ్చి, "సార్, పేజీని చదివి వినిపించే నా కంప్యూటర్ సూత్రం రాగానే ‘గ్రాఫిక్’ అని ముందుకెళ్ళిపోతోంది" అన్నాడు. లెక్క మొత్తం వాడికి ఆ ఒక్క మాటే!

అలా మ్యాథ్‌ఎంఎల్ పట్టుకున్నాను. వెబ్ పేజీల్లో లెక్కల సూత్రాలు రాయడానికి 1998 నుంచీ ఉన్న భాషే. అందులో ఏది దేనికి లవమో, ఏది దేనికి ఘాతమో చెప్పాలి. ఒక్కోదానికి ఒక్కో ట్యాగు, అంటే గుర్తు మాట. భిన్నానికి ‘ఎంఫ్రాక్’ ట్యాగు. దాని లోపల సరిగ్గా రెండే ఉండాలి, పైది, కిందది. వర్గ సమీకరణం మూలాల సూత్రం నాకు ఎంతకీ రాలేదు. లవంలోని మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, వర్గమూలం, అన్నీ విడివిడిగా వదిలేశాను మరి. వాటిని ‘ఎంరో’ ట్యాగులో మూట కట్టగానే భిన్నం గీత వాటి పొడవునా సాగింది. వర్గమూలం గుర్తేమో బి స్క్వేర్ మైనస్ 4ఏసీ మొత్తాన్నీ కప్పేసింది. మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను.

క్రోమ్ బ్రౌజర్‌లో ఈ మ్యాథ్‌ఎంఎల్ 2013లో ఒక్క వెర్షన్‌లో కనిపించి పోయింది. ఇగాలియా అనే స్పెయిన్ సంస్థ వాళ్ళు పట్టుబట్టి పనిచేస్తే, 2023 జనవరిలో 109వ వెర్షన్‌తో తిరిగొచ్చింది. పదేళ్ళు! ఫైర్‌ఫాక్స్ మాత్రం ఎప్పుడూ వదల్లేదు, అందుకే నాకు దానిమీద అభిమానం.

అన్ని ట్యాగులూ చేత్తో కొట్టడం నావల్ల కాదులే. సూత్రాల్ని మామూలు అక్షరాలతో టైపు చేసే పద్ధతి, నువ్వు థీసిస్ రాసిన లేటెక్‌లోనే రాస్తున్నాను. కేటెక్ అనే ప్రోగ్రాం దాన్ని కంటికి కనబడే సూత్రంగా మార్చి, వెనకాల మ్యాథ్‌ఎంఎల్ కూడా పెడుతుంది. చదివే సాఫ్ట్‌వేర్ దాన్నే అందుకుంటుంది.

మొన్న ఆ కుర్రాడు నా పక్కనే కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో సూత్రం రెండుసార్లు విన్నాడు. "2ఏ మొత్తానికీ కింద ఉందా సార్! వర్గమూలం కిందే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు.

నీ పాత లేటెక్ ఫైళ్ళుంటే పంపరా, కాల్క్యులస్‌వి ముందు. పీడీఎఫ్‌లు వద్దు.

నీ,
రఘు