వార్షిక నివేదిక: సెట్టింగులు రాసిపెట్టుకున్న ఏడాది

మన కంప్యూటర్ బృందం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాదీ నెలకో ఆదివారం, కోట దగ్గర మనకు అలవాటైన మేడగదిలోనే కూర్చున్నాం. సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలోకి బండి రావడమే కష్టం కాబట్టి ఆ నెల మానేశాం. వానల్లో ఒకసారి కరెంటు పోయి మధ్యలోనే లేచిపోయాం.

ఏడాదంతా దాదాపు ఒకటే పని: ఎవరి కంప్యూటర్ సెట్టింగులు వాళ్లు ఫైల్లో రాసిపెట్టుకోవడం. దీనికి కారణం మన లెక్కల మాస్టారి ల్యాప్‌టాప్. హార్డ్ డిస్క్ పోయింది. పాఠాలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. పోయినవి తెలుగు టైపింగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక, ఫాంట్లు, ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ మార్చుకున్న షార్ట్‌కట్‌లు. "ఇల్లు ఉంది గానీ ఏ గిన్నె ఎక్కడుందో తెలీడం లేదయ్యా" అన్నారాయన. మనం వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఇవి చాలావరకు చుక్కతో మొదలయ్యే ఫైళ్లలో, ఫోల్డర్లలో ఉంటాయి. మామూలుగా చూస్తే కనబడవు. కనబడనివాటికి బ్యాకప్ తియ్యాలని ఎవరికి తోస్తుంది?

ముందు గ్నూ స్టో అనే చిన్న ప్రోగ్రాం నేర్చుకున్నాం. ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, మార్పుల చరిత్రంతా దాచే గిట్‌లో చేరిస్తే, ఉండాల్సిన చోట్లకు స్టో లింకులు వేస్తుంది. ఒక్క కంప్యూటరే ఉన్నవాళ్లకు ఇది చాలని నా అభిప్రాయం. కానీ స్టో ఫైళ్లనే చూస్తుంది, ప్రోగ్రాములు, ఫాంట్లు మనమే దింపుకోవాలి.

అందుకని ప్రోగ్రాములు కూడా దింపిపెట్టే నిక్స్, దానిమీద నడుస్తూ మన సెట్టింగులు చూసుకునే హోమ్ మేనేజర్ మొదలెట్టాం. నిక్స్ 2003లో నెదర్లాండ్స్‌లో, ఎల్కో డోల్‌స్ట్రా పరిశోధనలోంచి వచ్చింది. ఇందులో "ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని రాయం. "నా కంప్యూటర్ ఇలా ఉండాలి" అని రాస్తాం, అలా చేసుకోవడం దాని పని. మనూళ్లో సిరిమానుకు ఏటా కొత్త చింతమాను తెస్తారు, ఉత్సవం మాత్రం అదే. మిషన్ మారినా సెట్టింగులు మారకూడదని అడగడం మనకేం కొత్త కాదు.

ఇవన్నీ రాసే ఫైలు పేరు హోమ్.నిక్స్. మాస్టారిది అందరం కలిసి ప్రొజెక్టర్ మీద రాశాం. ప్యాకేజీల జాబితాలో లోహిత్ తెలుగు ఫాంటు చేర్చి, రాసింది అమలు చేసే 'స్విచ్' ఆదేశం కొట్టాం. ఫాంటు దిగింది, లిబ్రేఆఫీస్ జాబితాలో మాత్రం లేదు. స్పెల్లింగులు చూశాం, రీస్టార్ట్ చేశాం, టీ తాగొచ్చాం. చివరికి బొబ్బిలి నుంచి వచ్చే కుర్రాడు 'ఫాంట్స్.ఫాంట్‌కాన్ఫిగ్.ఎనేబుల్' అన్న లైను ట్రూ అని పెట్టలేదని పట్టుకున్నాడు. ఆ ఒక్క లైనుతో లోహిత్ వచ్చేసింది. మాస్టారు వెంటనే "శ్రీకాకుళం" అని కొట్టి, శకారం కింద రావత్తు సరిగ్గా కూర్చుందో లేదో కళ్లద్దాలు పైకెత్తి చూసుకున్నారు. ఆ లైను ఇప్పుడు గిట్‌లో ఉంది, మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. హోమ్ మేనేజర్ పెట్టే ఫైళ్లు చదవడానికే, నేరుగా మార్చనివ్వవు. మెనూలో రంగు మారిస్తే ఎడిటర్ సేవ్ చెయ్యనంటోందని ఇద్దరు విసుక్కుని స్టోకి వెళ్లిపోయారు. నేను తప్పుపట్టను. మార్చినప్పుడల్లా అది దాచే పాత సెట్టింగుల ప్రతులు, అంటే జనరేషన్లు, పేరుకుని డిస్కు నిండుతుంది కూడా. అప్పుడప్పుడు చెత్త తీయాలి. అయితే ఆ జనరేషన్లే ఒకసారి నన్ను కాపాడాయి. టెర్మినల్ పాడు చేసుకున్న రాత్రి పాతదాన్ని మళ్లీ యాక్టివేట్ చేసి పడుకున్నాను. చెత్త తీసేటప్పుడు ఒకటి రెండు పాతవి ఉంచుకోండి.

ఒక్క తప్పు మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక సభ్యుడు మెయిల్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలునే అందరికీ కనిపించే గిట్ ఖాతాలోకి తోసేశాడు. చెప్పేస్తున్నాను, ఆ సభ్యుణ్ణి నేనే. తర్వాతి కమిట్‌లో (గిట్‌లో నమోదు చేసే మార్పులో) చెరిపినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చడమొక్కటే దారి. పైగా నిక్స్ అన్నీ దాచే ఫోల్డర్ అయిన నిక్స్ స్టోర్‌లో పడ్డ ఫైలును ఆ మిషన్‌లో ఖాతా ఉన్న ఎవరైనా చదవగలరు. రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టే సాప్స్-నిక్స్ గురించి వచ్చే ఏడాది మొదటి సమావేశంలోనే చూద్దాం.

జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు. ప్రొజెక్టర్ వైరు ఎవరి సంచిలో ఉందో వచ్చే ఆదివారం తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి