ఆరు వేలు పెంచబోయి

సంపాదకులకు నమస్కారం,

బెంగళూరు ఓనర్లంతా ఆశపోతులని అందరూ తిట్టేవాళ్ళే. నేనూ ఓనర్నే, ఆశపడ్డ మాటా నిజమే, అందుకే రాస్తున్నా. మాది చిత్తూరు వైపు, మారతహళ్ళిలో కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం, రిటైరయ్యాక ఇల్లు గడిచేది వాటితోనే.

2023లో ఆఫీసులు మళ్ళీ రమ్మన్నాక మా వీధిలో అద్దెలు ఎగబాకాయి. మొదటి అంతస్తులో కర్నూలు దంపతులు మూడేళ్ళుగా 22 వేలు, ఐదో తారీకు దాటనిచ్చింది లేదు. ఆ మూడేళ్ళూ రూపాయి పెంచనివాణ్ణి పక్కింటాయన మాట విని ఒకేసారి 28 అన్నాను. ఆ అమ్మాయి 'సరే అంకుల్, చూసుకుంటాం' అంది, ఒప్పుకున్నారనుకున్నా, వాళ్ళు చూసుకున్నది వేరే ఇల్లు.

పది నెలల అడ్వాన్సు 2,20,000 ఒకేసారి తిరిగివ్వాలి కదా, అది ఎప్పుడో బోరుకీ మేడ మీద రేకులకీ అయిపోయింది, ఎఫ్‌డీ తీసి ఇచ్చా. కేంద్రం 2021లో రాష్ట్రాలకి నమూనాగా మోడల్ టెనెన్సీ చట్టం (అద్దె ఇళ్ళ చట్టం) తెచ్చి ఇళ్ళకి రెండు నెలల అడ్వాన్సు చాలంటే అప్పుడు తిట్టుకున్నా, రెండే తీసుకునుంటే ఎఫ్‌డీ జోలికి పోయే పనే లేదు. పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే గానీ, వాళ్ళ దగ్గర పట్టుకోడానికి నాకు మొహం చెల్లలేదు.

టులెట్ బోర్డు రెండు నెలలు వేలాడింది, చివరికి 26కి కుదిరింది. పోయింది 44 వేలు. నెలకి నాలుగు వేలు ఎక్కువొచ్చినా పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యేసరికి వచ్చేది ఆ 44 వేలే, రంగుల ఖర్చు అదనం. కొత్తాయన అద్దె ఇరవయ్యో తారీకున, అదీ రెండుసార్లు ఫోన్ చేస్తే.

రెండో అంతస్తులో అనంతపురం కుర్రాడున్నాడు. 2024 ఎండాకాలం మా బోరు ఎండిపోయినప్పుడు తెల్లారి ఐదింటికి ట్యాంకర్ వస్తే, నా మోకాళ్ళు చూసి తనే సంపు మూత ఎత్తి పైపు పట్టుకుని నిలబడేవాడు. 2025లో చాన్నాళ్ళకి నీళ్ళ చార్జీలు పెరిగితే బిల్లు చేతికిచ్చి, రెండు నెలలు ముందుగానే, వెయ్యి పెంచుతా బాబూ అన్నా. 'ఎనిమిది వందలు చేసుకోండి అంకుల్, ఆ గీజర్ ఒకటి మార్చండి' అన్నాడు.

మార్చా.

— ఒక ఇంటి ఓనరు, మారతహళ్ళి, బెంగళూరు