తవుడు గోదాములో మంటకు ప్రతిసారీ షార్ట్ సర్క్యూటే కారణమా?

సంపాదకులు గారికి, నమస్కారం.

రైస్ మిల్లులోనో నూనె మిల్లులోనో గోదాము తగలబడినప్పుడల్లా షార్ట్ సర్క్యూటే కారణమని పత్రికల్లో చదువుతుంటాం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ రైస్ మిల్లులో చాలాకాలం గుమస్తాగా పనిచేసిన నేను, కరెంటు తీగన్నదే లేని రేకుల షెడ్డులో తవుడు బస్తాల నడుమ నుంచి పొగ రావడం కళ్లారా చూశాను. హమాలీలు పై వరుసలు దించుతుంటే, కిందికి వెళ్లేకొద్దీ సంచులు చెయ్యి పెట్టలేనంతగా కాలాయి. నట్టనడుమ ఉన్నవాటిలో తవుడు కాఫీపొడి రంగుకు తిరిగి గడ్డకట్టింది. అంతకు నాలుగు రోజుల ముందు నుంచే పాడైన నూనె వాసన వస్తున్నా మేమెవరం పట్టించుకోలేదు.

తవుడులో సుమారు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పలచగా ఆరబోస్తే అది ఎప్పటికప్పుడు గాలికి పోతుంది గానీ, కప్పుదాకా బస్తాలు పేరిస్తే లోపలే నిలిచిపోయి, ఆ వేడికే ఆక్సీకరణ ఇంకా జోరందుకుంటుంది. వాన జల్లు పడి తడిస్తే సూక్ష్మజీవులు పెరిగి, 60, 70 డిగ్రీల దాకా అవే వేడెక్కిస్తాయి. పచ్చిగడ్డితో వామి వేస్తే కాగిపోతుందని ఎరిగిన రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కకూ, పత్తిగింజల చెక్కకూ, ఆరుబయట గుట్టపోసిన చెరకు పిప్పికీ ఈ ప్రమాదం ఉంది.

నూనె మిగిలి ఉన్న గింజల చెక్కను అంతర్జాతీయ సముద్ర రవాణా నిబంధనలు తనంతట తానే అంటుకునే సరుకుల కింద, 4.2 తరగతిలో చేర్చాయి. ఓడ ఎక్కించాలంటే దానిలో నూనె ఎంత, తేమ ఎంత అని చూస్తారు. అదే చెక్క మన గోదాములో నెలల తరబడి పడి ఉన్నా, బస్తాల మధ్యకు పొడవాటి థర్మామీటరు గుచ్చి చూసే మిల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. అగ్నిమాపక శాఖ తనిఖీకి వచ్చినప్పుడు నిప్పునార్పే సిలిండర్లతో పాటు బస్తాల లోపలి ఉష్ణోగ్రతలు రాసిపెట్టే రిజిస్టరును కూడా అడిగి చూడాలని, ప్రమాదం జరిగాక రాసే నివేదికలో నిల్వ ఎన్నాళ్లది, తడిసిందా అన్నవి తప్పక నమోదు చేయాలని కోరుతున్నాను.

మరొక్క మాట. పొగ కనబడగానే హమాలీలను పిలిచి బస్తాలు లాగించడం మా మిల్లులోనూ జరిగింది. లోపల కుములుతున్న గుట్టను ఉన్నపళంగా విప్పితే గాలి తగిలి మంట భగ్గుమంటుంది. అందులోంచి వెలువడే, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మనిషిని నిలువునా కూల్చేస్తుంది. ఫైరింజను వచ్చి నీళ్ల గొట్టం సిద్ధమయ్యేదాకా ఆ షెడ్డులోకి ఎవరినీ పంపవద్దని మిల్లు యజమానులను వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత మిల్లు గుమస్తా, మిర్యాలగూడ