మొగి చెట్టును కూడా కాస్త పట్టించుకోండి

తిరుపతి జిల్లా అటవీ అధికారి గారికి,

అయ్యా, మొగి చెట్టు నేరేడుకు దగ్గర చుట్టమే. కానీ తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప దాదాపు ఎక్కడా కనబడదు. దాని పండు తిని ఉమ్మేసిన గింజ మా వీధి సిమెంటు మీదే ఎండిపోతుంది. చిక్కంతా అక్కడే: తడి ఆరితే ఆ గింజ ఇక మొలవదు. కొండమీద రాలినవాటికి కార్చిచ్చు, పశువుల మేత. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) చేశారు, సంతోషమే. ఎర్రచందనం గురించి పడే టెన్షన్‌లో పావు వంతైనా దీనికీ పడండి. పండ్ల సీజన్‌లో తడి ఆరని గింజలు తెప్పించి వెంటనే నర్సరీలో వేయించండి. మొలకలున్న చోట ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు (మంట పాకకుండా గడ్డీ గాదం తీసేసిన ఖాళీ పట్టీలు) తీయించండి. పండ్లు ఏరుకునేవాళ్ల మీద మాత్రం కేసులు వద్దు. ఏ చెట్టు ఏ వాగు పక్కనుందో వాళ్లనడిగితేనే తెలుస్తుంది.

ఇట్లు,
తిరుపతి వాసి ఒకరు